ఓడ వాళ్ళది, రేవు మనది

సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చే ఆడవాళ్ళని ఉత్తరాంధ్రలో చూడనివాళ్ళుండరు. బిడ్డ బతికితేనో, జబ్బు నయమైతేనో ఇస్తామని మొక్కుకుంటారు, ఇస్తారు. 2020 ఆగస్టులో మారిషస్‌లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ జుట్టు కత్తిరించి ఇచ్చింది దేవుడికి కాదు, సముద్రానికి. అందులో మొక్కేమీ లేదు. వెంట్రుక నూనెను పట్టుకుంటుంది. ఈ మాట శాస్త్రజ్ఞులు చెప్పక్కర్లేదు, తలంటు పోసుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. కత్తిరించిన జుట్టు సముద్రం మీద తేలే నూనెను కూడా పట్టుకుంటుందని వాళ్ళు ఆశపడ్డారు.

జరిగిందేమిటంటే, ఆ ఏడాది జులై 25న వాకాషియో అనే ఓడ ఆ ద్వీపపు ఆగ్నేయ తీరంలో, పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కి కూర్చుంది. ఓడ యజమానులు జపాన్ వాళ్ళు, జెండా పనామాది. దాదాపు మూడు వందల మీటర్ల పొడవు. ఓడలో సరుకేమీ లేదు గానీ, అది నడవడానికి కావలసిన ఇంధనం ఉంది: బరువైన ఇంధన నూనె సుమారు 3,800 టన్నులు, డీజిల్ సుమారు 200 టన్నులు. పన్నెండు రోజులపాటు ఓడ అలాగే ఉంది. ఒడ్డు మీదివాళ్ళు రోజూ దాన్ని చూస్తూనే ఉన్నారు. ఆగస్టు 6న తొట్టి పగిలి నూనె కారడం మొదలైంది. దాదాపు వెయ్యి టన్నులు నీళ్ళ పాలైంది. 15వ తేదీన ఓడ రెండు ముక్కలైంది.

మాహెబూర్ అనే చిన్న ఊరి ఒడ్డున వేల మంది చేరారు. ఎండిన చెరుకు ఆకును గుడ్డల్లోనూ వలల్లోనూ కూరి పొడుగాటి గొట్టాలుగా కుట్టారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. నూనె మడ అడవుల్లోకి, పగడపు మడుగుల్లోకి పోకుండా వాటిని అడ్డం వేశారు. పాత చీరలో పాత దిండుగలీబులో దూదో పీచో కూరి కుట్టడం ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే. ప్రపంచం ముందు ఆ దృశ్యం ఒక అద్భుతంలా కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఇంటిపని. ఇంట్లో చేసేదాన్నే సముద్రమంత ఇంటికి చేశారు.

ఆ చెరుకు ఆకు దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఆ ద్వీపంలో చెరుకు ఊరికే మొలిచింది కాదు. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించి తీసుకుపోయిన మనుషులు నాటి, నరికిన చెరుకు అది. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువగా అప్పటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్ళు. ఈ రోజు మనం శ్రీకాకుళం, విజయనగరం అంటున్న నేల అప్పుడు ఆ మొదటి రెండు జిల్లాల్లో ఉండేది. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ కొరంగీలు అన్నారు. నూనెకు అడ్డం పడ్డవాళ్ళలో మనవాళ్ళెందరని లెక్క తీసి మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. క్రియోల్‌లు, భోజ్‌పురీ మాట్లాడినవాళ్ళ సంతతి, తమిళులు, ముస్లింలు అందరూ ఆ ఒడ్డున ఉన్నారు. నేను చెప్పేది వేరు. బలవంతపు చాకిరి మీద పెరిగిన పంట తాలూకు చెత్త, దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, మరొకరు చేసిన పాడుని పీల్చడానికి పనికొచ్చింది. ఎవరి పాడుని ఎవరి చాకిరి పీలుస్తుంది అన్న లెక్క ఈ నూనె కంటే పాతది.

ప్రభుత్వం ఏమందో కూడా చెప్పుకోవాలి. పన్నెండు రోజులు ఓడను చూస్తూ కూర్చున్న ప్రభుత్వం, జనం దిగాక, మీరు తప్పుకోండి, ఇది అధికారుల పని, నిపుణుల పని అంది. జనం వినలేదు. ఆ నెల 29న పోర్ట్ లూయీ వీధుల్లోకి వేలకు వేలుగా వచ్చారు. ఓడ కెప్టెన్‌కీ ముఖ్య అధికారికీ 2021 డిసెంబరులో అక్కడి కోర్టు ఇరవై నెలల చొప్పున శిక్ష వేసింది. తప్పుకోమనడంలో ఒక నిజముంది, అది తర్వాత చెప్తాను. కానీ ఆ మాట అన్న సమయం చూడండి. ఎవరూ చేయనప్పుడు పట్టని పని, చేయకూడనివాళ్ళు చేస్తుంటే హఠాత్తుగా గుర్తొచ్చింది.

ఈ సంగతంతా కళింగపట్నం వైపు చేపలమ్మే ఒక పెద్దామెకి చెప్పాను. జుట్టు కత్తిరించిన సంగతి విని నవ్వింది. తర్వాత, "ఓడ ఆలది, నూనె ఆలది, ఊడ్సడం మాదేటమ్మా?" అంది. గంప సర్దుకుంటూ కాసేపటికి మళ్ళీ తనే, "ఊడ్సకపోతే మాత్తరం ఎలగ, రేవు మాది గదా" అంది.

ఈ రెండు మాటల మధ్యనే నా ప్రశ్న అంతా ఉంది. చేయని తప్పుకు ఊడ్చడం అన్యాయం. ఊడ్చకుండా ఉండడం అసాధ్యం. ఇంటి చాకిరి గురించి స్త్రీవాదులు ఇన్నేళ్ళుగా చెప్తున్నది ఇదే కదా. ఫ్యాక్టరీ కార్మికుడు సమ్మె చేస్తే ఆ రోజు కూలి పోతుంది, యంత్రం మీది దుమ్ము మాత్రం అతని అన్నంలో పడదు. ఇంట్లో ఆడది అంట్లు తోమడం మానేస్తే ఆ అంట్లలోనే తినాలి. పిల్లాడి ముక్కు తుడవకుండా సమ్మె చేయలేదు. చేయలేదన్న సంగతి మిగతావాళ్ళకి బాగా తెలుసు కనకే ఆ పని ఆమె మీద నిశ్చింతగా వదిలేస్తారు. ఆమె ప్రేమ మీద వాళ్ళ నిర్లక్ష్యం ఆధారపడి ఉంటుంది. రేవు మీద ఉన్న ప్రేమ కూడా అటువంటిదే. నూనె ఒలికించినవాడు ఒడ్డున ఉండడు. ఉన్నవాళ్ళు దిగక మానరని ఏ ఓడ యజమానీ పైకి అనడు గానీ, సముద్రం మీద వ్యాపారం మొత్తం ఆ నమ్మకంతోనే నడుస్తోందని నాకనిపిస్తుంది.

తుపాను తర్వాత ఊడ్చుకోవడం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని పడగొట్టిపోయాక కూలిన కొబ్బరిచెట్ల మధ్య ఇళ్ళు వెతుక్కుని, బురద ఎత్తిపోసుకున్నారు. అదంతా దుఃఖం, శ్రమ, ప్రభుత్వం మీద కోపం కూడా. కానీ గాలికి యజమాని లేడు. నూనెకి ఉన్నాడు. అతనికి బీమా ఉంది, లాయరు ఉన్నాడు, నష్టపరిహారానికి చట్టం గీసిన గరిష్ఠ పరిమితి ఉంది. అందుకే నూనె ఒలికినప్పుడు ఊడ్చే చేతుల గురించి ఉత్త జాలితో మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

జాలి కాదు, డబ్బు ఇస్తే? అలా ఇచ్చిన ఒక నది ఉంది.

2014 డిసెంబరు 9 తెల్లవారుజామున బంగ్లాదేశ్ సుందరబన్స్‌లో, షేలా నదిలో, పొగమంచులో లంగరు వేసి ఉన్న సదరన్ స్టార్-7 అనే నూనె ఓడను మరో ఓడ గుద్దింది. సుమారు మూడున్నర లక్షల లీటర్ల ఫర్నేస్ ఆయిల్‌తో అది మునిగింది. ఆ నది డాల్ఫిన్ల రక్షిత ప్రాంతం. రెండు ఒడ్డులా మడ అడవి. పోటుకీ పాటుకీ నూనె చెట్ల మొదళ్ళకి పట్టుకుంది. నూనె తీసే యంత్రాలు లేవు. పద్మా ఆయిల్ అనే ప్రభుత్వ కంపెనీ, నూనె ఎత్తి తెచ్చినవాళ్ళకి లీటరుకి 30 టాకాలు ఇస్తామంది. ఊళ్ళు ఊళ్ళే దిగాయి. గుడ్డలతో, స్పాంజీలతో, గిన్నెలతో, ఒట్టి చేతులతో ఎత్తారు. నూనె పట్టిన గడ్డినీ గుర్రపుడెక్కనూ డేగిసాల్లో వేడిచేసి నూనె రాబట్టారు. మోచేతుల దాకా నల్లబడ్డ పిల్లల ఫోటోలు అప్పుడు ప్రపంచమంతా తిరిగాయి. రెండు వారాలు తిరగకముందే అరవై వేల లీటర్లకు పైగా వెనక్కి కొన్నారు.

ఈ 30 టాకాల గురించి నేను చాలా రోజులు తల పట్టుకున్నాను. 1972లో మరియరోసా దల్లా కోస్తా, సెల్మా జేమ్స్ వంటివాళ్ళు ఇంటిపనికి వేతనం అడిగే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, డబ్బు ఎంత అన్నది వాళ్ళకి ముఖ్యం కాదు. ప్రేమ అనే ముసుగు తీసేసి, ఇది పని అని ఒప్పించడం ముఖ్యం. పని అని ఒప్పుకుంటేనే చేయను అనడం కుదురుతుంది. పదేళ్ళ తర్వాత ఏంజెలా డేవిస్ దాన్ని ఖండించింది. ఇతరుల ఇళ్ళల్లో కూలికి పనిచేసిన నల్లజాతి స్త్రీలకి ఆ వేతనం తరాలుగా వస్తూనే ఉందనీ, దానివల్ల వాళ్ళకి విముక్తి రాలేదనీ గుర్తుచేసింది. షేలా ఒడ్డున ఈ రెండు వాదనలూ ఒకేసారి నిజమయ్యాయి. ఊరికే చేయించుకోవడం కంటే డబ్బివ్వడం నయం, అది పని అని ఒప్పుకున్నట్టే. కానీ కొన్నది శ్రమను కాదు, నూనెను. లీటరుకి ఇంత అన్నప్పుడు రోజంతా వేర్లు తుడిచి పావు లీటరు తెచ్చిన ముసలామెకి పావు లీటరు డబ్బులే. ఎక్కువ నూనె ఉన్నచోట ఎక్కువ డబ్బు, కాబట్టి పసివాళ్ళు కూడా లోతుకి దిగుతారు. చెట్టు మొదలు శుభ్రమైందా లేదా అన్నదానికి ధర లేదు. తర్వాత వచ్చే దగ్గుకీ, ఒంటి మీది పొక్కులకీ ధర లేదు. తమ నది మీద ఒలికిన సరుకుని తామే ఏరి, ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్ళకే అమ్ముకున్నారు. ఆకలిగా ఉన్నవాళ్ళకి అది అవకాశమే, కాదనలేం. ఆ అవకాశం ఇచ్చినవాళ్ళని దాతలనడం మాత్రం నావల్ల కాదు.

ఇంకొకటి. ఆ ఓడలు అసలు షేలాలోకి ఎందుకొచ్చాయి? మొంగ్లా రేవుకు పోయే మామూలు కాలువ పూడిపోతే, అడవి మధ్య నుంచి దారి మళ్ళించారు. నూనె ఒలికాక కొద్ది వారాలు ఆపి మళ్ళీ తెరిచారు. 2016 మార్చిలో బొగ్గు ఓడ ఒకటి అదే నదిలో మునిగాక గానీ ఆ దారి మూయలేదు. నూనె ఎత్తినవాళ్ళని ఆ దారి గురించి అడిగినవాళ్ళు లేరు. చేతులు అరువు కావాలి, మాట అక్కర్లేదు.

మన దగ్గర ఊడ్చే పనికి ఆడదనే గుర్తుతో పాటు కులం గుర్తు కూడా ఉంది. ఊడ్చేవాళ్ళే మురికివాళ్ళైపోయే సమాజం ఇది. కోలారు బంగారు గనుల్లో పుట్టి పెరిగిన బెజవాడ విల్సన్, ఆయనతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌లో నడిచిన స్త్రీలు, మలం ఎత్తే పనికి గ్లౌజులు బూట్లు ఇస్తే చాలన్న సర్దుబాటుని ఒప్పుకోలేదు. ఆ పనే పోవాలన్నారు. ఎంతోమంది స్త్రీలు ఆ తట్టలని తగలబెట్టారు. నూనె విషయంలో మనం ఇంకా గ్లౌజుల దగ్గరికి కూడా రాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదకి మణలి రిఫైనరీ వైపు నుంచి నూనె బకింగ్‌హామ్ కాలువ గుండా ఎన్నూరు కయ్యలోకి చేరినప్పుడు, మత్స్యకారులు తమ పడవల్లోనే వెళ్ళి మగ్గులతో, చేతులతో తోడారు. బకింగ్‌హామ్ కాలువ అంటే మనకి పరాయిది కాదు, మన కోస్తా వెంట సాగి చెన్నై దాటిపోయేదే. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, కట్టెల పడవలు నడిచిన కాలువ. తోడినవాళ్ళు ఏ కులాలవాళ్ళో వేరే చెప్పనక్కర్లేదు. చేపలు పట్టేవాళ్ళు అప్పటికప్పుడు నూనె ఎత్తే కూలీలైపోయారు. వేట లేని రోజుల్లో అదే కూలి.

ఇప్పుడు, తప్పుకోండి అన్న మాటలోని నిజం. నూనెల్లో రకాలున్నాయి. వాకాషియోది, సదరన్ స్టార్‌ది జిగురుగా, నల్లగా కంటికి కనిపించే నూనె. దాన్ని చేత్తో ఎత్తొచ్చు, ఎత్తినదాన్ని చూపించొచ్చు. డీజిల్ అలా కాదు. నది మీద బోటో బార్జీయో ఇసుక దిబ్బ ఎక్కి తొట్టి చిల్లుపడితే, డీజిల్ నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో పల్చటి పొరగా గబగబా పరుచుకుపోతుంది. చాలా భాగం కొద్ది రోజుల్లో ఆవిరైపోతుంది, చెదిరిపోతుంది. గుడ్డతో అద్దితే గుడ్డకి వాసనే తప్ప పెద్దగా ఏమీ రాదు. కానీ ఆ తేలిక భాగాలే ఎక్కువ విషం. అవి ఆవిరయ్యేది పీల్చేవాళ్ళ ముక్కుల్లోకే. నీటిలో కలిసినది చేపపిల్లల్ని, రొయ్యపిల్లల్ని చంపుతుంది. నిలవనీటి బీలల్లో, ఒడ్డు బురదలో దిగినది చాలాకాలం ఉంటుంది. అప్పుడు చేయవలసిన పని చిల్లు మూయడం, తొట్టిలో మిగిలినది తోడేయడం, ప్రవాహానికి ఏటవాలుగా తేలే అడ్డుకట్టలు వేసి నూనెను నిదానమైన నీటి పక్కకి మళ్ళించడం, పీల్చే మెత్తలు పరవడం, తాగునీటి పంపులు ఆపించడం. ఒట్టి చేతులతో దిగడం మాత్రం కాదు. 2002లో స్పెయిన్ తీరంలో ప్రెస్టీజ్ అనే ఓడ మునిగాక ఊడ్చిన మత్స్యకారుల్ని తర్వాత పరిశీలిస్తే, ఏడాది దాటినా ఊపిరితిత్తుల బాధలు వాళ్ళని వదల్లేదు.

కాబట్టి దిగినవాళ్ళని వీరవనితలని పొగిడే వ్యాసాలంటే నాకు భయం. మన సాహిత్యంలో త్యాగమయి తల్లి మీద ఎంత కవిత్వం ఉందో అందరం చదువుకున్నాం. ఆ పొగడ్త ఏ పని చేస్తుందో కూడా చదువుకున్నాం. నూనె ఒడ్డున అదే తల్లి మళ్ళీ మొలుస్తుంది, ఈసారి "వాలంటీరు" అనే పేరుతో.

డీజిల్‌కి మరో గుణం ఉంది. అది సాక్ష్యం మిగల్చదు. వారం తర్వాత వచ్చిన అధికారికి నీళ్ళు నీళ్ళలాగే కనిపిస్తాయి. మిగిలేది వాసన. ఆ వాసన మోసేది చేపలమ్మే ఆడది. వలలో పడ్డ చేపలో నూనె కంపు ఉందో లేదో తేలేది సంతలో, కొనే ఆమె ముక్కు దగ్గర. అనుమానం వచ్చినా చాలు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికినప్పుడు చెన్నై అంతటా చేపల అమ్మకాలు పడిపోయాయి, నూనె తగలని చేపలవి కూడా. మొదట్లో ఒలికింది చాలా తక్కువేనన్నారు, తర్వాత లెక్క దాదాపు రెండు వందల టన్నుల దాకా పోయింది. నష్టపరిహారం అడిగేటప్పుడు పడవకి కాగితం ఉంటుంది, వలకి ధర ఉంటుంది, వాటిని చూపించేది మగవాళ్ళు. గంపకి ఏ కాగితం ఉంది? అమ్ముడుపోని సరుకుతో ఇల్లు చేరిన సాయంత్రానికి ఏ రసీదు ఉంది? తప్పు చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లోనే చట్టంలో భాగం చేసింది. సూత్రం మంచిదే. ఖర్చు అంటే బిల్లు ఉన్నదే అనుకున్నంతకాలం అది గంప దాకా రాదు.

మా నాగావళిలో, వంశధారలో బార్జీలు తిరగవు. వేసవిలో నాగావళిని చాలాచోట్ల నడిచి దాటొచ్చు. అయినా ఈ ప్రశ్న మాకు దూరంది కాదు. 2020 అక్టోబరులో వాయుగుండానికి 'మా' అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు తెంచుకుని విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళెక్కింది, వాకాషియో విరిగి రెండు నెలలైనా తిరగకముందే. దాని ఇంధనం క్షేమంగా తోడేశారు. జనం వెళ్ళి సెల్ఫీలు తీసుకున్నారు, దాన్ని తేలే హోటలు చేద్దామని ప్రభుత్వం కొన్నాళ్ళు ఆలోచించింది, అది జరగలేదు. 2024 సెప్టెంబరు వరదలో ఇనుప పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి అడ్డం పడితే, అవి ఏ పార్టీవాళ్ళ పడవలన్న దాని మీదే రోజుల తరబడి గొడవ. ఈ రెండుసార్లూ నూనె ఒలకలేదు. ఒలికి ఉంటే ఎవరు దిగేవాళ్ళో ఊహించడం కష్టం కాదు.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల ఏముందో తెలియనివాళ్ళకి చెప్పాలి. నౌపడ ఉప్పు మళ్ళున్నాయి, ఎండలో ఉప్పు తట్టలు మోసే ఆడవాళ్ళున్నారు. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మేతకి దిగే చిత్తడి నేలలున్నాయి. కాకరాపల్లి బీల ఉంది. ఆ బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. అంతకు ముందు ఏడాది జులై 14న సోంపేట బీల దగ్గర కూడా. రెండుచోట్లా మనుషులు చచ్చిపోయారు. రెండుచోట్లా దీక్షా శిబిరాల్లో ఎక్కువగా కూర్చున్నది ఆడవాళ్ళు. బీల అంటే వాళ్ళకి చేప, గడ్డి, తుంగ, నీళ్ళు.

ఆ తీరంలో మగవాళ్ళు చాలామంది ఇంటి దగ్గర ఉండరు. వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లని పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరిలో ఇరవై మందిని విడిచిపెట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆఫీసుల చుట్టూ తిరిగింది భార్యలు, తల్లులు. కాబట్టి ఆ ఒడ్డున ఏ తెల్లవారో నూనె వాసన వస్తే, ఇంటి దగ్గర ఉండేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. 1996 నాటి జాతీయ ప్రణాళిక ప్రకారం సముద్రంలో ఒలికితే తీర రక్షక దళం చూడాలి, రేవులో ఒలికితే రేవు యాజమాన్యం, ఒడ్డుకి చేరితే రాష్ట్ర ప్రభుత్వం. ఒడ్డుకి చేరాక రాష్ట్ర ప్రభుత్వం కలెక్టరుకి చెప్తుంది, కలెక్టరు మండలానికి, మండలం పంచాయతీకి. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుల్నీ పొదుపు సంఘాల ఆడవాళ్ళనీ పిలుస్తుంది. ఇది నా ఊహే. మన ప్రభుత్వాలు పని చేసే తీరు తెలిసినవాళ్ళెవరూ దీన్ని పెద్ద ఊహ అనుకోరు.

పిలిచినప్పుడు వాళ్ళు వెళ్తారు. వెళ్ళొద్దని నేను చెప్పలేను, చెప్పే హక్కూ నాకు లేదు. రేవు మాది గదా అన్నామెకి నేను జవాబు చెప్పలేకపోయాను. కానీ వెళ్ళేవాళ్ళకి, ఇది ఏ నూనె, ముట్టుకోవచ్చా, ఎన్ని గంటలు, ఎప్పుడు ఆపాలి అని ఎవరు చెప్తారు? గర్భిణి అయితే ఒడ్డు మీద ఉండి చేసే పనికి కూడా అదే కూలి ఇస్తారా? గ్లౌజులు ఎవరి చేతి కొలతకి తెస్తారు? పెద్ద చేతికి చేసిన గ్లౌజు చిన్న చేతికి వదులు, వదులైన దాంట్లోకి మణికట్టు దగ్గర నూనె దిగుతుంది. అప్పుడది లేకపోవడం కంటే ప్రమాదం. నాలుగేళ్ళ తర్వాత ఆయాసం వస్తే, ఆ రోజు నువ్వు అక్కడ ఉన్నావని రాసిపెట్టిన పుస్తకం ఎక్కడుంటుంది? అసలు ఏ ఓడ ఏ కాలంలో ఏ దారిలో రావచ్చన్నది తేల్చేటప్పుడు వాళ్ళలో ఒక్కరైనా ఆ గదిలో ఉంటారా?

2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఇటువంటి ప్రాజెక్టుకి ప్రజాభిప్రాయ సేకరణ జరిపేటప్పుడు పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. అంటే తెలుగులో రావలసింది సారాంశం మాత్రమే. నూనె ఒలికితే ఎవరు ఏం చేయాలన్నది ఇంగ్లీషులో ఉండే లావుపాటి నివేదికలో, అడ్డుకట్టలు ఎన్ని మీటర్లు, యంత్రాలు ఎన్ని అన్న పట్టికల మధ్య ఉంటుంది. ఆ పేజీలు తెలుగులోకి చేయడం పెద్ద పని కాదు. మనలో ఇంగ్లీషు చదువుకుని తెలుగులో రాసేవాళ్ళం కొంతమందిమి కూర్చుంటే పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని భావనపాడులో, మూలపేటలో, కళింగపట్నంలో వేట లేని మధ్యాహ్నాల్లో గట్టిగా చదివి వినిపించాలి. ఆపి ప్రశ్నలడగడానికి వాళ్ళకి కావలసినంత టైమివ్వాలి.